పేరాకు విరామం

తాళపత్ర గ్రంథాలలో ఆకు విలువైనది. కనుక లేఖకులు నడుమ ఖాళీ విడువక వరుసగా రాసుకుంటూ పోయేవారు. ఒక భావం ముగిసి మరొకటి మొదలయ్యే చోటును పాఠకుడే గుర్తించవలసి వచ్చేది. అచ్చుపుస్తకంలో ఆ చోటును పేరా చూపింది. నేడు ఆ బాధ్యత ఈ-పుస్తకం తయారుచేసేవారిది.

ఈ-పబ్ పుస్తకంలో హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. అనే రెండు భాషలుంటాయి. మొదటిది ఏది శీర్షికో, ఏది పేరాయో తెలుపుతుంది. 1996లో ప్రమాణంగా వెలువడిన రెండవది అవి ఎలా కనిపించాలో నిర్ణయిస్తుంది.

చుండూరులో ఒక విద్యార్థి తాతగారు చెప్పిన ఊరి ముచ్చట్లను ఈ-పుస్తకంగా కూరుస్తున్నాడనుకొందాం. ఎడం కోసం అతడు నడుమ నడుమ ఖాళీ పేరాలు చేరిస్తే కంప్యూటరు తెరపై పుట చక్కగానే ఉంటుంది. కాని చూపు మందగించిన తాతగారు ఫోనులో అక్షరాలను పెద్దవి చేయగానే పుటల హద్దులు మారతాయి. ఖాళీ పేరా పుట మొదటికి చేరి, అక్కడేదో లోపించినట్లు తోస్తుంది.

కనుక ఎడాన్ని సి.ఎస్.ఎస్.లోనే ఒక్కసారి నియమించాలి. పేరాల మార్జిన్‌ను సున్నా చేసి, మొదటి పంక్తిని 1.5 ఎమ్ లోపలికి జరపడం ఒక పద్ధతి. పంక్తిని జరపక, పేరాల నడుమ 1 ఎమ్ ఎడం ఉంచడం మరొక పద్ధతి. ఒకే పుస్తకంలో రెండింటినీ కలపకపోవడం మంచిది. శీర్షిక వెంట వచ్చే తొలి పేరాను జరపనవసరం లేదు. ఎమ్ అనే కొలత అక్షర పరిమాణాన్ని అనుసరిస్తుంది. అక్షరం పెరిగితే ఎడం కూడా పెరుగుతుంది.

అప్పుడు తాతగారు అక్షరాన్ని ఎంత పెద్దది చేసుకున్నా, ఆయన కథ ఆయన ఆగిన చోటనే ఆగుతుంది.