రాత్రి భోజనాల తర్వాత పదిహేను నిమిషాలు



నవంబర్ 14 బాలల దినోత్సవం. అదే రోజు మొదలై 20వ తేదీ వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ సందర్భంగా ఈ నెల మార్కుల గురించి కాకుండా, పరీక్షలన్నీ అయిపోయాక కూడా మీ పిల్లల వెంట ఉండే ఒక అలవాటు గురించి మాట్లాడుకుందాం.

"మావాడు తెలుగు గడగడా మాట్లాడతాడండీ, చదవమంటేనే మొహం మాడ్చుకుంటాడు." పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది. చాలాసార్లు దీనికి కారణం బద్ధకం కాదు. 'స్వాతంత్ర్యం' లాంటి మాటలో వత్తులు విడదీసుకోవడానికే శ్రద్ధంతా ఖర్చయిపోతే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండదు. అర్థం కానిది ఎవరికీ రుచించదు. రుచించదు కాబట్టి చదవడు. చదవడు కాబట్టి వేగం రాదు. ఇంగ్లీషులోనూ ఇదే జరుగుతుంది. లెక్కల్లో కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్లలు కూడా నాలుగు వాక్యాల లెక్క ఇస్తే ఆగిపోవడానికి తరచూ ఇదే కారణం. బడిలో ఉండే ఒక్క పీరియడ్‌తో ఈ ముడి విడిపోదు. ఇల్లు కూడా తోడు కావాలి.

ఇంట్లోనే పుట్టిన చదువు

ఇల్లు ఎంత చేయగలదో చెప్పడానికి భండారు అచ్చమాంబ జీవితమే సాక్ష్యం. ఆమె 1874లో పుట్టారు. బడికి వెళ్లలేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకునేవాడు. అతని చదువు పక్కనే ఆమె చదువూ సాగింది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషలూ నేర్చుకున్నారు. సంసారం చూసుకుంటూనే ఎందరో స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1902లో 'ధన త్రయోదశి' కథ రాశారు. 1905లో, ముప్ఫై ఏళ్లకే కన్నుమూశారు. ఆ తమ్ముడే తర్వాత విజ్ఞాన చంద్రికా మండలిని నడిపి, తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారీకి పూనుకున్నారు.

ఆ ఇంట్లో అక్కకు ట్యూషన్ లేదు, ర్యాంకు లేదు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు పక్కన కూర్చున్నారు, అంతే. ఆ మాత్రం మనమూ చేయగలం.

ఇలా మొదలుపెట్టండి

1. రాత్రి భోజనాల తర్వాత పదిహేను నిమిషాలు కేటాయించండి. ఆ కాసేపు ఫోన్లన్నీ పక్క గదిలో ఉండాలి, మీవి కూడా. పిల్లలకు "చదువుకో" అని చెప్పి మనం ఫోన్ చూస్తుంటే, వాళ్లు మన మాట వినరు, మనల్ని చూసి నేర్చుకుంటారు.

2. చిన్న పిల్లలకు మీరే పైకి చదివి వినిపించండి. అదే కథ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. తెలిసిన కథను మళ్లీ చదివినప్పుడే అక్షరాల మీద వేగం వస్తుంది.

3. పిల్లలు చదువుతూ ఆగితే కాసేపు చూసి, ఆ మాట మీరే అందించి ముందుకు పోనివ్వండి. ప్రతి తప్పు దగ్గరా ఆపితే కథ పోతుంది. కథ పోతే ఇష్టమూ పోతుంది.

4. పెద్ద తరగతుల పిల్లలకు టైమ్ లేదంటారు. దినపత్రికలో వాళ్లకు నచ్చిన ఒక్క వార్త చాలు, క్రికెట్ అయినా సరే. చదివాక ప్రశ్నలు వేయకండి. "నాకు చెప్పు, నేను చదవలేదు" అనండి.

5. ఇంటికంతటికీ ఒక నోటుబుక్కు పెట్టండి. కిరాణా చిట్టీ పిల్లలతో రాయించండి. అమ్మమ్మనో నానమ్మనో అడిగి ఆవకాయ కొలతలు రాసుకోమనండి. తాతయ్య ఊరి చెరువు పేరు, చుట్టాల వరసలు, ఏదైనా రాయవచ్చు. మీరూ వారానికి నాలుగు వాక్యాలు రాయండి. ఎర్ర పెన్ను మాత్రం దాని దగ్గరకు రానివ్వకండి.

పుస్తకాలన్నీ కొననక్కర్లేదు. మీరు కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయం మీదే. ఈ వారోత్సవాల్లో ఒక సాయంత్రం పిల్లలను అక్కడికి తీసుకెళ్లి సభ్యత్వం తీసుకోండి. పుస్తకం వాళ్లనే ఎంచుకోనివ్వండి. బొమ్మల పుస్తకం తెచ్చుకున్నా కాదనకండి.

ఎందుకింత పట్టుదల?

చాలా ఇళ్లలో అటక మీది పెట్టెలో పాత ఉత్తరాలుంటాయి. తాతయ్య చేత్తో రాసినవి, అమ్మ పెళ్లికి ముందు అందుకున్నవి. ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు వాటిని చేతిలో పట్టుకుని "ఇందులో ఏముందమ్మా?" అని అడిగే రోజు వస్తే, నష్టం ఒక సబ్జెక్టుది కాదు, ఆ కుటుంబానిది. మీ ఇంట్లో చదివి చెప్పేవాళ్లు ఉన్నప్పుడే ఆ పెట్టె కిందికి దించండి.

ఇంటి నోటుబుక్కును మాకు చూపించనక్కర్లేదు. దానికి మార్కులు లేవు.