ఊరి బడా, బస్సు బడా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. ఇద్దరం రొయ్యల గుంటల మీద పనికి పోతాం. పాపను ఒకటో తరగతిలో చేర్చాలి. ఆయన నెల్లూరులో ప్రైవేటు స్కూలు అంటారు, బస్సు వాకిటికే వస్తుందట. మా అత్త ఊరి బడి చాలంటుంది. ఏం చేయమంటారు?

సమాధానం: నేను మీ అత్తగారి పక్షమేనమ్మా, ఒక షరతు మీద. పల్లెలన్నీ చుట్టుకుంటూ పోయే బస్సు అది. పొద్దున పిల్ల సగం తిని ఎక్కుతుంది, సాయంత్రం నిద్రమొహంతో దిగుతుంది. ఫీజు కాగితంలో ఈ లెక్క రాయరు. మధ్యాహ్నం జ్వరమొస్తే? గుంటలో పట్టుబడి జరుగుతుంటే మీరు కదల్లేరు. ఊరి బడైతే అత్తగారు నడిచెళ్ళి తెచ్చుకుంటారు. ఇంగ్లీషు మీడియం సర్కారు బడిలోనూ ఉంది, పైగా అన్నం, గుడ్డు పెడతారు. తల్లికి వందనం పథకం డబ్బు ప్రైవేటులో చేర్చినా వస్తుంది కాబట్టి దాన్నిబట్టి తేల్చుకోవద్దు.

ఇక షరతు. ఐదు తరగతులకూ ఒక్క టీచరే ఉంటే, ఒకరికి ఎక్కాలు చెప్పేలోగా మిగతావాళ్ళు గోడలు చూస్తూ కూర్చుంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. కానీ పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు, టీచరు లేడని ఉన్న పిల్లలూ పోతారు. అందుకే ఒక పూట వెళ్ళి కూర్చోండి. మూడో తరగతి పిల్లాడి చేత రెండో తరగతి వాచకంలో ఒక పేజీ చదివించండి. గడగడా చదివితే ఇంకేం ఆలోచించకుండా చేర్చేయండి. లేదంటే దగ్గర్లో తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూలు వెతకండి. నెల్లూరు మాట ఆ తర్వాతే.

ప్రశ్న: 2022లో మా బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను రోడ్డవతలి హైస్కూల్లో కలిపారు. లారీల మధ్య పిల్లల్ని పంపాలంటే భయం. తరగతులు వెనక్కి వస్తాయా?

సమాధానం: ఆ విలీనానికి మూలమైన 117 జీవో 2025 మేలో రద్దయింది. అలాగని తరగతులు వాటంతటవే వస్తాయని కూర్చోవద్దు. ప్రాథమిక బడి కిలోమీటరులోపు ఉండాలన్నది నిబంధన. దారిలో పిల్లలకు ప్రమాదముంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలని 2010 నాటి కేంద్ర నియమాల్లోనే ఉంది. ఇది చాలామందికి తెలియదు, చెప్పేవాళ్ళూ తక్కువ. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కదా, తీర్మానం రాయండి. పిల్లల పేర్లు, దూరం, లారీలు తిరిగే వేళలు అందులో వేసి ఎంఈవోకిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

ప్రశ్న: మా పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. బడి ప్రహరీకి చందా అడుగుతున్నారు. నాకేం సంబంధం?

సమాధానం: బడి పిల్లలున్నవాళ్ళకే కాదు, ఊరందరిదీ. మన జిల్లాలోనే దూబగుంట ఉంది కదండీ. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు పాఠం చదివి, సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది ఆ బడే. మన తీరంలో తుపాను వస్తే జనం తలదాచుకునేదీ, మీరు ఓటేసేదీ బడిలోనే. చందా ఇవ్వండి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.