నిల్వ – వేగం

ఉద్దేశం: కంప్యూటరును ఎంచుకొనేటప్పుడు విద్యార్థులలో వివేచన కలిగించడం.

పాఠ్యభాగం

ధర్మవరం వీధులలో నడిచేవారికి మగ్గాల సవ్వడి చిరపరిచితం. జకార్డు మగ్గంపై వేలాడే అట్టలలో చీర అంచు రూపురేఖలు దాగి ఉంటాయి. రంధ్రమున్న చోట పోగు లేస్తుంది. లేని చోట లేవదు. పందొమ్మిదవ శతాబ్దారంభంలో ఫ్రాన్సు దేశీయుడు జోసెఫ్ మేరీ జకార్డు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో అట్టయే సమాచార నిధి. నేటి ఎస్.ఎస్.డి.లో ఆ పనిని అతిసూక్ష్మమైన గదులలో నిలిచే విద్యుదావేశం నిర్వహిస్తుంది.

నిల్వ సామర్థ్యం పెరిగితే ఎక్కువ సమాచారం పడుతుందన్నది అందరికీ తెలిసినదే. వేగం కూడా పెరుగుతుందన్నది పలువురు గమనించని విషయం. దీనికి కారణమేమిటి? పెళ్ళికి నాలుగు చీరలు కావాలనుకోండి. ఒక్క మగ్గంపై ఒకదాని తరువాత ఒకటి నేయాలి. నాలుగు మగ్గాలుంటే నాలుగూ ఏకకాలంలో సిద్ధమవుతాయి. నేతగాని చేతివేగం మారలేదు; పని పంచబడింది. ఎస్.ఎస్.డి.లో మెమరీ చిప్‌లు మగ్గాల వంటివి. వాటికి పని పంచే కంట్రోలరు ఆసామి వంటిది. సాధారణంగా అధిక సామర్థ్యం గలవాటిలో చిప్‌లు ఎక్కువ. అయితే ఆసామి పంచగలిగినంత వరకే మగ్గాల వలన ప్రయోజనం.

ఆపిల్ సంస్థ 2020 నాటి ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 గిగాబైట్ల నిల్వను రెండు చిప్‌లకు పంచింది. 2022 నాటి ఎమ్2 రకంలో అదే నిల్వను ఒకే చిప్‌లో ఇమిడ్చింది. పెద్ద ఫైళ్లను చదివే వేగం సుమారు సగానికి పడిపోయింది. అంకె ఒకటే అయినా అమరిక వేరు.

ఖాళీ స్థలం కూడా ముఖ్యమే. హిందూపురం మార్కెట్ యార్డులో చోటుంటే చింతపండు బస్తాలు వెంటనే దిగుతాయి. నిండి ఉంటే పాతవాటిని జరపాలి. ఎస్.ఎస్.డి.లో పాత సమాచారంపై నేరుగా వ్రాయడం సాధ్యం కాదు. ఒక భాగమంతా చెరపాలి. అందులో అవసరమైనదాన్ని ముందుగా వేరొకచోటికి తరలించాలి. నిండుకొద్దీ ఈ శ్రమ పెరిగి వేగం మందగిస్తుంది.

పెనుకొండలో చదివే నేతకుటుంబపు బిడ్డకు ల్యాప్‌టాప్ అంటే తల్లిదండ్రుల ఎన్నో దినాల చెమట. పలు ఫోన్లలో, కొన్ని ల్యాప్‌టాప్‌లలో చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి. కొన్న తరువాత మార్చడం దుస్సాధ్యం. కనుక అవసరాన్ని ముందే లెక్కించి, కొంత ఖాళీ మిగిలేలా ఎంచుకోవాలి. అవసరానికి మించి కొనడమూ వివేకం కాదు.

అర్థాలు
సవ్వడి = చప్పుడు
వివేచన = మంచిచెడ్డల విచారణ
దుస్సాధ్యం = సాధించడానికి కష్టమైనది

ప్రశ్నలు
1. చిప్‌ల సంఖ్యకూ వేగానికీ గల సంబంధాన్ని మగ్గాల పోలికతో వివరించండి.
2. నిండిన ఎస్.ఎస్.డి. ఎందుకు మందగిస్తుంది?