ఛాయాచిత్రములకు మెరుగు: ఫిల్టర్లను వాడు విధము

పూర్వము ఛాయాచిత్రమును సవరింపవలెనన్న చీకటిగదియు, రసాయనములును, చేయి తిరిగిన పనివాడును కావలసి యుండెను. నేడు కంప్యూటరులో బ్రౌజరు తెరచినచో ఆ పని ఇంటియొద్దనే జరుగుచున్నది. ఇట్టి సాధనములలో ఫొటోపీ యొకటి. ఇవాన్ కుత్స్కిర్ అను ప్రోగ్రామరు దీనిని 2013వ సంవత్సరమున వెలువరించెను. దీనిని కంప్యూటరులో ప్రత్యేకముగ ఎక్కింపనక్కరలేదు. ప్రకటనలు కనబడుచుండుటకు సమ్మతించినచో రుసుము లేదు. తెరచిన చిత్రము వేరొక చోటికి పోక మన కంప్యూటరులోనే సవరింపబడును.

ఇందలి ఫిల్టర్లు మిక్కిలి ఆకర్షణీయములు. అయితే అవి చేయు పని యెట్టిదో తెలియక వాడినచో మేలునకు బదులు కీడు కలుగవచ్చును. ఆ సంగతిని ఉదాహరణములతో వివరింతుము.

ఫిల్టరు చేయు పని

తెరపై కనిపించు చిత్రము సూక్ష్మమైన చుక్కల సముదాయము. ఈ చుక్కకు పిక్సెల్ అని పేరు. ప్రతి చుక్కలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను రంగుల పాళ్లు 0 మొదలు 255 వరకు గల అంకెలతో గుర్తింపబడును. ఆ అంకెలను మార్చు లెక్కయే ఫిల్టరు.

పాత చిత్రమున నల్లని భాగముపై ఒక తెల్లని దుమ్ము చుక్క యున్నదనుకొందము. దాని అంకె 200. చుట్టునున్న 8 చుక్కలలో ఒక్కొక్కదాని అంకె 20. సాధారణమైన 'బ్లర్' ఫిల్టరు ఇరుగుపొరుగు చుక్కల సగటును తీయును. తొమ్మిదింటి మొత్తము 360, సగటు 40. అనగా దుమ్ము పోలేదు, పలుచనై చుట్టును అలుముకొన్నది. 'మీడియన్' అను ఫిల్టరు ఆ తొమ్మిది అంకెలను వరుసగా పేర్చి నడిమిదానిని గ్రహించును. నడిమి అంకె 20. దుమ్ము మాయమైనది! కావున దుమ్ము తీయుటకు మీడియన్ తగినది.

వాడు క్రమము

1. 'ఫైల్' పట్టికలో 'ఓపెన్' నొక్కి చిత్రమును తెరువవలెను.

2. కంట్రోల్, జె మీటలను కలిపి నొక్కినచో చిత్రముపై దానివంటిదే మరియొక పొర ఏర్పడును. మార్పులన్నియు ఈ పై పొరమీదనే చేయవలెను.

3. 'లాసో' పనిముట్టుతో దుమ్మున్న భాగము చుట్టును గీత గీయవలెను. అప్పుడు ఫిల్టరు ఆ భాగమునకే పరిమితమగును.

4. 'ఫిల్టర్', 'నాయిస్', 'మీడియన్' అను వరుసలో నొక్కి, 'రేడియస్' అను కొలతను 1 నుండి మెల్లగా పెంచుచు, దుమ్ము పోయిన చోటనే ఆపవలెను. పొరపాటైనచో కంట్రోల్, జెడ్ మీటలు వెనుకటి స్థితికి తెచ్చును.

5. సవరించిన చిత్రమును క్రొత్త పేరుతో దాచవలెను. అసలు చిత్రమును ఎన్నడును చెరుపరాదు.

మూడవ మెట్టు ఏల అని కొందరడుగవచ్చును. చిత్రము మొత్తముపై మీడియన్ నడిపినచో దుమ్ముతోపాటు అవ్వగారి ముక్కుపుడక మెరుపు కూడ మాయమగును. ఫిల్టరు లెక్కలో రెండును తెల్లని చుక్కలే. ఏది పోవలెనో, ఏది నిలువవలెనో ఎరిగినవారు ఇంటివారే.

పైరు చిత్రముల విషయమున హెచ్చరిక

ముక్కుపుడక పోయిన నష్టము మనసునకు సంబంధించినది. పైరు విషయమున నష్టము పంటకే కలుగును. నేడు రైతులు తెగులు సోకిన ఆకును ఫోనుతో చిత్రించి వ్యవసాయాధికారులకు పంపుచున్నారు. వరిలో అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారమున నుండి, మధ్య బూడిద రంగును, అంచున ముదురు గోధుమ రంగును కలిగియుండును. ఆకారమును, అంచును, రంగును బట్టియే తెగులును పోల్చుకొందురు. మీడియన్ నడిపినచో చిన్న మచ్చలు చెరగిపోవచ్చును. స్పష్టత కొరకు వాడు 'అన్‌షార్ప్ మాస్క్' అంచుల యొద్ద వెలుగునీడల భేదమును పెంచును. మితిమీరినచో లేని అంచు ఉన్నట్లు తోచును. రంగులను పెంచినచో పాలిపోయిన ఆకు పచ్చగా కనబడవచ్చును. అట్టి చిత్రమును చూచి చెప్పిన సలహా తప్పినచో మందు ఖర్చు దండుగ, పైరు నష్టము.

కావున పైరు చిత్రములకు ఫిల్టర్లు వలదని మా సలహా. చిత్రము మసకగా వచ్చినచో, పగటి వెలుతురులో, ఆకునకు దగ్గరగా, చేయి కదలక మరల తీయుడు. కెమెరా పట్టని వివరమును ఏ ఫిల్టరును తెచ్చి చూపజాలదు.

పెండ్లి చిత్రములకు, పండుగ శుభాకాంక్షలకు ఫిల్టర్లను నిరభ్యంతరముగ వాడుకొనవచ్చును. చూచువాడు మన చిత్రమును నమ్మి ఒక నిర్ణయము చేయవలసి యున్నప్పుడు మాత్రము, ఉన్నదానిని ఉన్నట్లు పంపుటయే మేలు.