తెర ఎక్కడ తెగుతోందో ముందు చూడు

చి. పాపకు,



పాకాల నుంచి నువ్వు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశాను. గాదంకి రాడార్ గాలుల బొమ్మ చూస్తూ చూస్తూ ఉండగానే విండో మాయమవుతోందని, అంతవరకూ చేసిన పనంతా పోతోందని, ఇంటికాడ నెట్ పనికిరాదు కాబట్టి తిరుపతి హాస్టల్‌కు వెళ్ళిపోతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్ళొద్దని అనను. కానీ సామాను సర్దుకునే ముందు ఇది చదువు. ఆ రెండు స్క్రీన్‌షాట్లలో ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకదానికి నెట్‌తో సంబంధమే లేదు.

మొదట ఒక సంగతి పట్టుకో. నువ్వు ఎస్‌ఎస్‌హెచ్‌తో ల్యాబ్ మెషీన్‌లోకి వెళ్ళి ఎన్‌సీవ్యూ తెరిస్తే, ప్రోగ్రామ్ నడిచేది అక్కడ, బొమ్మ గీసేది నీ మ్యాక్‌బుక్‌లోని ఎక్స్‌క్వార్ట్జ్. ఎక్స్ పద్ధతిలో సర్వర్ అంటే నీ ముందున్న తెర, క్లయింట్ అంటే దూరంగా ఉన్న ప్రోగ్రామ్. ఈ తలకిందుల లెక్క మనసుకు పట్టకపోతే ఏ ఎర్రర్ మెసేజీ అర్థం కాదు. ఎక్స్ 1984లో ఎంఐటీలోని ప్రాజెక్ట్ ఎథీనాలో పుట్టింది. ఇప్పుడు మనం వాడే పదకొండో రూపం 1987లో వచ్చింది. ఒకే క్యాంపస్ లోపలి వైర్ల మీద నడవడానికి కట్టినది కాబట్టి ప్రోగ్రామూ తెరా మాటిమాటికీ ఒకదాన్నొకటి అడుగుతూ, జవాబు కోసం ఆగుతూ ఉంటాయి. ఎస్‌ఎస్‌హెచ్ ఆ తర్వాత 1995లో వచ్చింది. హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలిస్తే, అక్కడి టాటు యులోనెన్ దాన్ని రాశాడు. అతను కట్టిన ఆ భద్రమైన గొట్టంలోంచి ఎక్స్ మాటలు పోతున్నాయి. అందుకే విండో పోయినప్పుడు పోయింది గొట్టమా, లోపలి మాటా అని అడగాలి. టెర్మినల్‌లో ఎంటర్ కొట్టి చూడు. ప్రాంప్ట్ వస్తే గొట్టం బాగుంది.

నీ రెండో స్క్రీన్‌షాట్‌లో ప్రాంప్ట్ బతికే ఉంది. ముందు తెరిచిన విండో కూడా అలాగే ఉంది. కొత్తది తెరవబోతేనే డిస్‌ప్లే తెరవలేనంటోంది. లాగిన్ అయి ఎంతసేపైందో చూడు, ఇరవై నిమిషాలు దాటి ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు పెద్ద ఎక్స్ ఆప్షన్ (-X) ఇచ్చి పోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దూరపు మెషీన్‌ను పూర్తిగా నమ్మదు. ఇచ్చిన అనుమతికి 20 నిమిషాల గడువు పెడుతుంది. గడువు తీరాక కొత్త విండోలను తిప్పి పంపేస్తుంది. ఇది పాకాలలోనైనా, ల్యాబ్ పక్క గదిలోనైనా ఒకటే. నీ పక్క సీటు అమ్మాయికి ఎందుకు రావడం లేదన్నావు కదా. ఆమెది ఉబుంటు. ఉబుంటు వాళ్ళు నమ్మకాన్ని ముందే సెట్ చేసి ఇస్తారు. నీ మ్యాక్‌లో అలా ఉండదు.

దీనికి మందు రెండు రకాలు. నీ కాన్ఫిగ్ ఫైల్‌లో ఫార్వర్డ్‌ఎక్స్11టైమౌట్ అని రాసి పన్నెండు గంటలు పెట్టుకోవచ్చు. లేదా పెద్ద ఎక్స్ బదులు పెద్ద వై (-Y) ఇవ్వవచ్చు. వై ఇచ్చావంటే ఆ మెషీన్‌ను నమ్మినట్టే. అక్కడ నీ అనుమతి చేజిక్కిన దొంగ ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే నువ్వు ఇక్కడ ఎక్స్ విండోల్లో కొట్టే ప్రతి అక్షరాన్నీ వినగలదు. మీ ల్యాబ్ మెషీన్‌కు పర్వాలేదు. ఊరూ పేరూ తెలియని మెషీన్‌కు మాత్రం ఎప్పుడూ వై ఇవ్వకు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. చిన్న ఎక్స్ కొట్టినా విండోలు రావు, అది విండోలను ఇటు పంపడాన్నే ఆపేస్తుంది. తొందరలో అందరూ చేసేదే.

మొదటి స్క్రీన్‌షాట్ సంగతి వేరు. అందులో "బ్రోకెన్ పైప్" ఉంది, అంటే గొట్టమే తెగింది. అన్నం తిని వచ్చేసరికి ఇలా అయిందన్నావు. మీ ఇంటి రౌటరూ, దాని వెనక ఉన్న నెట్ కంపెనీ పరికరమూ ప్రతి కనెక్షన్‌నూ ఒక పట్టికలో రాసుకుంటాయి, సత్రం రిజిస్టర్‌లో యాత్రికుల పేర్లు రాసినట్టు. కాసేపు అలికిడి లేకపోతే ఆ పేరు కొట్టేస్తాయి. కనీసం 2 గంటల 4 నిమిషాలు ఆగాలని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో ఉంది, చాలా పరికరాలు అంతసేపు ఆగవు. కాబట్టి కాన్ఫిగ్‌లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 60 అని రాయి. నిమిషానికోసారి చిన్న పలకరింపు వెళ్తుంది, పేరు కొట్టెయ్యరు.

కొందరు దాన్ని 5 అని పెట్టమంటారు. వద్దు. మూడు పలకరింపులకు జవాబు రాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ తానే తెంచుకుంటుంది. 5 పెడితే పదిహేను సెకన్లు సిగ్నల్ ఆగినా పని పోతుంది. 60 పెడితే మూడు నిమిషాల దాకా ఓర్చుకుంటుంది. మన పల్లెల లైన్లకు ఓర్పే కావాలి. మ్యాక్ మూత మూసినా, అది నిద్రపోయినా ఇదేమీ పనిచెయ్యదని కూడా గుర్తుంచుకో. కెఫినేట్ అనే కమాండ్ ఒక టెర్మినల్‌లో నడిపి, మూత తెరిచే ఉంచి, అన్నానికి పో.

తెగినప్పుడు "ఆటో లాగౌట్" అన్న మాట కనిపిస్తే అది నెట్ కాదు, ఖాళీగా ఉన్న షెల్‌ను మూసెయ్యాలని ల్యాబ్ మెషీన్‌లో పెట్టిన నియమం. అడ్మిన్‌ను అడగాల్సిందే.

ఒక్కోసారి లాగిన్ అవుతూనే విండోలు రాకపోవచ్చు. అప్పుడు ల్యాబ్ మెషీన్‌లో డిస్‌ప్లే వేరియబుల్ విలువ ఏముందో చూడు. లోకల్‌హోస్ట్ 10.0 లాంటిది ఉండాలి. ఖాళీగా ఉంటే చేత్తో నింపకు, అది ఎస్‌ఎస్‌హెచ్ పెట్టాల్సినది. నీలాంటి వాళ్ళకు ఎక్కువగా తగిలేది డిస్క్ కోటా. గాదంకిలో ఒక్క ఎంఎస్‌టీ రాడారే 1024 యాగీ యాంటెనాలతో 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వింటుంది. దాని డేటా ఫైళ్ళను హోమ్ డైరెక్టరీలోకి కాపీ చేసుకుంటూ పోతే కోటా నిండుతుంది. నిండాక ఎక్స్‌ఆథ్ తన చిన్న తాళం ఫైల్‌ను కూడా రాసుకోలేదు, విండో తెరుచుకోదు. తప్పు నెట్‌దనిపిస్తుంది, తీరా చూస్తే ఫైళ్ళది. ముందు కోటా చూడు. లైన్ తెగినా షెల్‌ను బతికించే టీమక్స్ వాడితే ఇంకొక చిక్కుంది. తెగిన తర్వాత మళ్ళీ చేరితే పాత షెల్‌లో పాత డిస్‌ప్లే నంబరే ఉంటుంది, కొత్త లాగిన్‌ది 11.0 అయి ఉండవచ్చు. కొత్త విలువ అక్కడ కూడా ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా కరెంటు పోతే లైన్ పోతుంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించమని మీ నాన్నకు ఫోన్‌లో చెబుతాను. కానీ ఎక్స్ విండోకు ఒక పుట్టుకతోనే వచ్చిన బలహీనత ఉంది. గొట్టం తెగితే ప్రోగ్రామ్ కూడా చస్తుంది. టీమక్స్ దాన్ని కాపాడలేదు, అది అక్షరాల షెల్‌నే కాపాడుతుంది. విండోలను కాపాడాలంటే ఎక్స్‌ప్రా గానీ, ఎస్‌ఎస్‌హెచ్ లోంచి వీఎన్‌సీ గానీ వాడాలి. వాటిలో తెర అక్కడి మెషీన్‌లోనే ఉంటుంది. నువ్వు వెళ్ళిపోయినా, రేపు మళ్ళీ వచ్చినా, బొమ్మ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. మాటిమాటికీ అడిగే బాధ కూడా లైన్ దాటదు కాబట్టి పాకాల నుంచి కూడా చురుగ్గా కదులుతుంది. రాత్రంతా నడిచే లెక్కలకైతే అసలు విండోనే తెరవకు. పైథాన్‌లో ఆగ్ బ్యాకెండ్ పెట్టి బొమ్మలను ఫైళ్ళుగా రాయించు, టీమక్స్‌లో వదిలేసి నిద్రపో, పొద్దున చూసుకో.

ఈ రాత్రికి గడువూ పలకరింపూ రెండూ కాన్ఫిగ్‌లో రాసి, కోటా చూసుకో. రెండు రోజులు గమనించు. తెగితే టైమ్ రాసిపెట్టు. ఎస్‌ఎస్‌హెచ్‌కు మూడు చిన్న వీ అక్షరాలు (-vvv) ఇచ్చి, ఆ లాగ్‌ను ఒక ఫైల్‌లో దాచి నాకు పంపు. ఎక్స్‌ప్రా పెట్టమని అడ్మిన్‌కు మెయిల్ రాసేటప్పుడు కూడా అదే లాగ్ జత చెయ్యి. ఊరికే "నెట్ స్లో" అని రాస్తే ఆయన ఏమీ చెయ్యలేడు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఫోన్ చెయ్యి.

మీ మామ
తిరుపతి