డిగ్రీ చదివినవాళ్ళకే ఈ వల

సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి విశాఖపట్నం కుర్రాళ్ళను బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ వాళ్ళ చేత చేయించిన పని, ఫోన్లో తెలుగువాళ్ళనే మోసగించడం. మీ పేరున వచ్చిన కొరియర్‌లో మత్తుమందు దొరికిందని బెదిరించడం, షేర్లలో లాభాలంటూ ఆశపెట్టడం లాంటివి. 2024 మే 20న కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో వందలాది మంది భారతీయులు తిరగబడ్డాక ఈ సంగతి మరింతగా లోకానికి తెలిసింది. అప్పటికే కొందరు ఏజెంట్లను విశాఖ పోలీసులు అరెస్టు చేశారు.

నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. ఐటీ తెలిసిన యువకులకు థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని చెప్పి మయన్మార్‌కు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. సిహనౌక్‌విల్ గొడవకు ఇరవై నెలల ముందు మాట ఇది. హెచ్చరిక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉండిపోయింది, ఉద్యోగ ప్రకటన మాత్రం ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ పట్టుకుని ఇంటింటికీ చేరింది. ఆ ప్రకటన నిజమో కాదో చూడాల్సిన భారం ఆ వేదికలను నడిపే కంపెనీలపై దాదాపు లేదు. ఇతరులు పెట్టినదానికి, అది తప్పని తమ దృష్టికి వచ్చేదాకా, వేదిక బాధ్యత వహించనక్కర్లేదని ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ రక్షణ ఇస్తోంది. మీరు ఫిర్యాదు చేస్తే ఆ ఖాతా పోతుంది, మర్నాడు ఇంకో పేరుతో వస్తుంది. అందుకే ఫోన్‌లో కనబడిన ఉద్యోగాన్ని అక్కడే నమ్మకండి, అక్కడే కొట్టిపారేయకండి కూడా. నిజమైన ఉద్యోగాలూ ఆ దారినే వస్తున్నాయి. తేల్చుకోవాల్సిన చోటు వేరే ఉంది.

మన చట్టం తయారైన తీరు తెలిస్తే మీ జాగ్రత్త ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది. వలస వెళ్ళేవారి కోసం 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. అప్పటి దిగులంతా గల్ఫ్‌కు వెళ్ళే కూలీల గురించి. పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టులకు ఈసీఆర్, అంటే వలస తనిఖీ తప్పదన్న షరతు, వర్తిస్తుంది. వాళ్ళు సౌదీ, కువైట్, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది లక్షల ప్రమాద బీమా కూడా వాళ్ళకు తప్పనిసరి. పది పాసైనవాళ్ళకు ఈ అనుమతి అక్కర్లేదు, తమ సంగతి తామే చూసుకోగలరని ఆ నియమం భావన. కంబోడియా, మయన్మార్, లావోస్ ఆ 18 దేశాల జాబితాలో లేనేలేవు. థాయ్‌లాండ్ ఉన్నా, డిగ్రీ ఉన్నవారిని ఆ నియమం ఆపదు. పైగా 2023 నవంబరులో మనవాళ్ళను ఆ దేశం వీసా లేకుండానే రానివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఈ మోసాలు చేయించే ముఠాలకు కావలసింది ఇంగ్లీషు వచ్చిన, కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళే. కూలీకి ఉన్న కంచె డిగ్రీ ఉన్నవాడికి లేదు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల నుంచి బయటపడిన 549 మందిని థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు. ప్రభుత్వం చేసిన మంచి పనే, కానీ అది వాళ్ళంతా నష్టపోయాక చేసింది.

చదువుతో నిమిత్తం లేకుండా మీకు పనికొచ్చే నియమం ఒకటుంది: విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది, అక్రమ ఏజెంట్ల పేర్లూ ఉంటాయి. గోడమీద తగిలించిన ట్రేడ్ లైసెన్సు, జీఎస్‌టీ సర్టిఫికెట్ చూసి మురిసిపోవద్దు. వాటికీ, మనిషిని విదేశానికి పంపే అధికారానికీ సంబంధం లేదు. జాబితాలో పేరు కనబడినా అక్కడితో ఆగొద్దు. నకిలీలు అసలువాళ్ళ పేరూ నంబరూ వాడుకుంటారు. వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకు మీరే చేసి, ఫలానా మనిషి మీ తరఫున మాట్లాడుతున్నాడా అని అడగండి. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో, కోనసీమలో సబ్ ఏజెంటు అంటే అందరికీ తెలిసిన మనిషే, బంధువు కూడా కావచ్చు. చట్టంలో మాత్రం ఆయనకు చోటు లేదు. డబ్బు ఆయన చేతికివ్వకండి.

డబ్బు సంగతికి వస్తే, రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, ఆపైన జీఎస్‌టీ. అంటే 35,400. లక్ష, లక్షన్నర అడిగినవాడు ఆ క్షణంలోనే నియమం దాటాడు. కట్టే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా కట్టండి, రసీదు లేనిదే కట్టకండి.

ఇంకొకటి వీసా. "టూరిస్టు వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాం" అన్న మాట వినబడిందంటే ఆ సంభాషణ ముగించండి, ఎంత జీతం చెప్పినా సరే. ఉద్యోగం ఇచ్చే కంపెనీ పేరు, చిరునామా, పని వివరం, జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, మానేస్తే ఏమవుతుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి ఈమెయిల్ చేసి అడగండి. జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. "రేపే విమానం, సీట్లు అయిపోతున్నాయి" అని తొందరపెట్టేవాళ్ళు మిమ్మల్ని ఆ కొన్ని రోజులు ఆగనివ్వకూడదనే తొందరపెడతారు.

ప్రయాణానికి ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, టికెట్, ఏజెంటుతో జరిగిన చాట్‌లు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. దిగిన చోట పాస్‌పోర్టు అడిగి దాచేసినా, టికెట్‌లో లేని ఊరికి కారు ఎక్కించినా వెంటనే ఇంటికి లొకేషన్ పంపండి. ఇంట్లోవాళ్ళు భయపడి ఏజెంటుతోనే బేరాలాడుతూ కూర్చోకుండా, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, స్థానిక పోలీసు స్టేషన్‌లో ఏజెంటుపై కేసు పెట్టాలి. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. అక్కడ ఇరుక్కున్నవారికి "ఇంకో ఇద్దరిని తెస్తే నిన్ను వదిలేస్తాం" అన్న బేరం ఎదురుకావచ్చు. ఒప్పుకుని ఊళ్ళో స్నేహితుడికి ఫోన్ చేశారో, ఆ స్నేహితుడి కేసులో మీరే ఏజెంటవుతారు.