తరగతి గదిలో కంప్యూటర్: ఎవరి చేతి పనిముట్టు?



నారాయణగూడ చౌరస్తా నుంచి హిమాయత్‌నగర్ వైపు నడిచినా, చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వైపు నడిచినా చదువుల బోర్డు కనిపించని వీధి ఉండదు. తెలుగు ఆడపిల్లల కోసం 1928లో మొదలైన మాడపాటి హనుమంతరావు గారి బడి ఈ ప్రాంతంలోనిదే. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లూ ఇక్కడే. వేసవి వచ్చిందంటే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఫాదర్ గారూ, ఆ బడిలో ప్రతి తరగతిలోనూ స్మార్ట్ బోర్డు ఉందట. ఫీజు ఎక్కువే. అప్పు చేసైనా చేర్పించమంటారా?"

అవునని గానీ కాదని గానీ చెప్పే ముందు, నేర్చుకోవడం అంటే ఏమిటో ఆలోచించుకుందాం.

13వ శతాబ్దపు తత్త్వవేత్త పునీత తోమాస్ అక్వినాస్ గురువును వైద్యునితో పోల్చారు. రోగి శరీరంలో స్వతహాగా కోలుకునే శక్తి ఉంటుంది. వైద్యుడు మందిచ్చి ఆ శక్తికి తోడ్పడతాడు. అలాగే నేర్చుకునేది విద్యార్థి బుద్ధి. గురువు దానికి సాయం చేస్తాడు. తెలివిని ఒకరి తలలోంచి మరొకరి తలలోకి నీళ్లలా ఒంపలేము. గురువే ఒంపలేనప్పుడు, గురువు చేతిలోని యంత్రం ఎలా ఒంపగలదు?

ఒక చిన్న ఉదాహరణ చూడండి. రెండింట ఒకటో వంతు పెద్దదా, మూడింట ఒకటో వంతు పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు "మూడింట ఒకటి" అంటారు. రెండు కంటే మూడు పెద్దది కదా అని వారి లెక్క. తెర మీద రొట్టెను రంగురంగుల ముక్కలుగా కోసి చూపిస్తే పిల్లవాడు తల ఊపుతాడు. అర్థమై ఊపాడో, పక్కవాడు ఊపాడని ఊపాడో తెరకు తెలియదు. ఉపాధ్యాయురాలు దగ్గరకు పిలిచి, "ఇద్దరికి పంచితే నీకెంత వస్తుంది? ముగ్గురికి పంచితే ఎంత?" అని అడిగినప్పుడు తప్పు ఎక్కడుందో బయటపడుతుంది. తప్పు బయటపడిన చోటే చదువు మొదలవుతుంది.

ఇది మన రాష్ట్రానికి కొత్త పాఠం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా ఇచ్చిన ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఉదయం పూట పిల్లలకు తెలుగులోనూ పాఠాలు వచ్చేవి. గమనించవలసినది మరొకటుంది. అదే ప్రయోగంలో వేలాదిమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. అంటే, ఆ యంత్రం ఉపాధ్యాయునికి కూడా పాఠం చెప్పింది; అతణ్ణి పక్కకు నెట్టలేదు.

2020లో కథ తిరగబడింది. కోవిడ్ వల్ల మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్లలో పాఠాలు ప్రసారం చేసింది. ఆ పూనికను తక్కువ చేయకూడదు. అది లేకపోతే ఎందరో పిల్లలకు ఏమీ ఉండేది కాదు. కానీ పాఠం ఇంటికి వచ్చింది, పంతులు రాలేదు. ఇంట్లో ఒకే ఫోను, దాన్ని తీసుకుని తండ్రి పనికి వెళ్తే ఇద్దరు పిల్లల చదువు ఆగిపోయేది. ఫోను ఉన్న ఇంట్లోనూ "నాకు అర్థం కాలేదు" అని చెప్పుకోవడానికి మనిషి లేడు.

2023లో యునెస్కో విద్యా నివేదిక కూడా సాంకేతిక పరికరాలు ఎవరి షరతుల మీద బడికి వస్తున్నాయని ప్రశ్నించింది. ఫోను దగ్గరుంటే చాలు, పిల్లల ధ్యాస చెదురుతుందని గుర్తుచేసింది. అలాగని యంత్రాన్ని గేటు బయటే ఆపమనడం లేదు. గుండెలో రక్తం ప్రవహించే తీరు, చంద్రకళలు నల్లబల్ల మీద కంటే తెర మీద బాగా తెలుస్తాయి. చూపులేని విద్యార్థికి పుస్తకం చదివి వినిపించే కంప్యూటర్ పెద్ద వరం. 2025లో తెలంగాణలోని కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కృత్రిమ మేధతో పాఠాలు ప్రారంభించారు. వెనుకబడిన బిడ్డ ఎక్కడ ఆగిపోయాడో అది ఉపాధ్యాయునికి చూపగలిగితే మంచిదే. చూసిన తరువాత ఆ బిడ్డ పక్కన కూర్చోవలసినది మాత్రం మనిషే.

కాబట్టి తల్లిదండ్రులారా, బోర్డు చూసి అప్పు చేయకండి. బడిలో చేర్పించే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. తరగతిలో ఎందరు పిల్లలు? ప్రతి బిడ్డ నోట్‌బుక్‌ను ఉపాధ్యాయులు స్వయంగా దిద్దుతారా?

2. ఆ యంత్రాన్ని ఏ పాఠానికి, ఎంతసేపు వాడతారు? కరెంటు పోయిన రోజు పాఠం నడుస్తుందా?

3. అర్థం కాలేదని చెప్పిన బిడ్డకు ఆ బడిలో ఏం జరుగుతుంది?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలైనది. బడికే కాదు, ఇంటికీ అది వర్తిస్తుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర ఫోను పక్కన పెట్టి, "ఈ రోజు నీకేది అర్థం కాలేదురా?" అని బిడ్డను అడిగి చూడండి. ఆ ప్రశ్నకు ఫీజు లేదు.